టైమర్ ఆకుపచ్చగానే ఉంది: షాపు కంప్యూటర్ ఎస్‌ఎస్‌డీ డైరీ

జూన్ 13

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది చిన్న షాపు. జిరాక్స్, స్కానింగ్, ఆన్‌లైన్ ఫారాలు, ఒడియా తెలుగు టైపింగ్. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మాకు వచ్చే బేరాల్లో సగం ఏటికి అటువైపువే. షాపు మొత్తం ఒక్క డెస్క్‌టాప్ మీద నడుస్తుంది. పెట్టె ఎనిమిదేళ్ల నాటిది. పోయినేడు ఏప్రిల్‌లో దానికి 250 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) వేసి లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. అప్పట్లో రాకెట్‌లా పరిగెత్తింది.

ఈవేళ మధ్యాహ్నం ఎవరిదో భూమి పట్టా, వంద పేజీలు, స్కాన్ చేసి సేవ్ కొడితే స్క్రీన్ బిగిసిపోయింది. మా చిన్నాన్న కొడుకు మౌస్ అటూ ఇటూ తిప్పుతున్నాడు. "అన్నయ్యా, మళ్లీ బిగిసిపోనాది" అన్నాడు. మళ్లీ ఏమిట్రా అంటే, వారం నుంచీ రోజుకి రెండు మూడుసార్లు ఇలాగే అవుతోందట, నాకు చెప్పలేదంతే. పది సెకన్లు ఆగి తనంతట తనే కదులుతుంది కదా అని ఊరుకున్నాడు.

రేపటి నుంచి మూడు రోజులు రజ పండగ. ఊరంతా ఉయ్యాలలు, పిఠాలు అనే పిండివంటలు. షాపుకి ఎవరూ రారు. ఈ మూడు రోజుల్లో దీని సంగతి తేల్చాలి.

జూన్ 14

డిస్కు ముట్టుకునే ముందు బ్యాకప్. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా షాపు రేకులు లేచిపోయి పాత హార్డ్ డిస్క్ నీళ్లలో నానింది. ఆ దెబ్బతో రెండు కాపీలు అలవాటైపోయాయి. ఒకటి షాపులో యూఎస్‌బీ డిస్క్ మీద, రెండోది పాతపట్నంలో మావయ్య ఇంటి బీరువాలో. వేరే రాష్ట్రంలో బ్యాకప్ ఉందని గొప్పగా చెప్పుకోవచ్చు, సైకిల్ మీద వెళ్లి తెచ్చుకోవచ్చు.

బ్యాకప్ కాపీ చేసే ఆర్‌సింక్ నడుస్తుండగా, డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్‌తో దాని జాతకం తీశాను. అందులో ఓ ముప్పై వరసలుంటాయి కానీ మనకి పనికొచ్చేవి నాలుగైదే. ఐదో నంబరు, పాడై పక్కన పెట్టిన సెక్టార్లు: సున్నా. తొమ్మిదో నంబరు, నడిచిన గంటలు: 4,212. రోజుకి పది గంటల లెక్కన పద్నాలుగు నెలలు, సరిగ్గా సరిపోయింది. 241వ నంబరు, ఇప్పటిదాకా రాసిన సెక్టార్లు: సుమారు 1,835 కోట్లు. ఒక్కో సెక్టార్ 512 బైట్లు, గుణిస్తే 9.4 టీబీ. ఈ డిస్క్ వచ్చిన అట్టపెట్టె మీద కంపెనీ 150 టీబీ దాకా రాసుకోవచ్చని హామీ ఇచ్చింది. ఈ వేగంతో రాసుకుంటూ పోతే ఇంకో పదిహేడేళ్లు పడుతుంది. అప్పటికి ఈ పెట్టె కాదు, ఈ షాపు ఉంటుందో లేదో. కాబట్టి ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని పడే టెన్షన్ నాకు అక్కర్లేదు.

ఆగాల్సి వచ్చింది 199వ నంబరు దగ్గర. సీఆర్‌సీ తప్పులు: 37. ఇది డిస్క్ లోపలి జబ్బు కాదు. డిస్క్‌కీ మదర్‌బోర్డ్‌కీ మధ్య వైరులో డేటా చెడిపోయి, మళ్లీ పంపాల్సి వచ్చిన లెక్క. లినక్స్ రాసుకునే సందేశాల చిట్టా డీమెసేజ్ తిరగేస్తే అసలు కథ అందులో ఉంది. లింక్ తెగడం, మళ్లీ కలవడం, చివరికి లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ విసిగిపోయి వేగాన్ని 6 గిగాబిట్ల నుంచి 3కి, 3 నుంచి 1.5కి తగ్గించేయడం. ఆ 1.5 మీద సెకనుకి 150 ఎంబీ కంటే ఎక్కువ పోదు.

పెట్టె విప్పాను. డిస్క్‌ని మదర్‌బోర్డ్‌కి కలిపే సాటా కేబుల్‌కి లాక్ క్లిప్ లేదు, పాత హార్డ్ డిస్క్ కాలం నాటిది. ఎస్‌ఎస్‌డీని స్క్రూ వేయకుండా డబుల్ టేప్‌తో అతికించిన మహానుభావుణ్ణి నేనే. టేప్ ఎండకి ఊడి, డిస్క్ ఆ కేబుల్ మీదే వేలాడుతోంది. తలుపు ధబాలున వేసినప్పుడల్లా కనెక్టర్ కదిలి ఉంటుంది.

క్లిప్ ఉన్న కొత్త కేబుల్ 120 రూపాయలు. రెండు స్క్రూలు ఇంట్లోవే. లింక్ 6 గిగాబిట్లకి లేచింది. 37 అనే అంకె మాత్రం ఇక తగ్గదు, ఆ లెక్క పైకే గానీ కిందికి రాదు. 38 కాకపోతే చాలు. అట్టముక్క మీద తారీకు వేసి 37 అని రాసి మానిటర్‌కి అంటించాను.

జూన్ 15

బిగుసుకుపోవడం పోయింది. వేగం మాత్రం పూర్తిగా రాలేదు. డిస్క్‌ని పార్టిషన్లుగా, అంటే భాగాలుగా విడగొట్టి ఉంచాను, కస్టమర్ల ఫోల్డర్ వేరే పార్టిషన్. నాలుగు జీబీ ఫైలు ఒకటి అందులో రాయిస్తే సెకనుకి 450 ఎంబీతో మొదలై, మధ్యలోనే 90కి జారిపోయింది. అదే ఫైలు సిస్టమ్ పార్టిషన్‌లో రాయిస్తే జారలేదు. డిస్క్ ఒకటే, కేబుల్ ఒకటే. ఇక్కడ ఇలా, అక్కడ అలా ఎందుకు?

నెట్‌లో దొరికే సలహాలన్నీ ఒక్కొక్కటే చూశాను. డిస్క్ పనుల వరస చూసే ఐఓ షెడ్యూలర్ ఎంక్యూ డెడ్‌లైన్ అనే పద్ధతి మీద ఉంది, సాటా ఎస్‌ఎస్‌డీకి అది చాలు. ఫైలు చదివినప్పుడల్లా ఆ సమయం రాయకుండా నోఎటైమ్ పెట్టమంటారు. 2009లో వచ్చిన 2.6.30 కెర్నల్ నుంచీ ఆ రాతల్ని చాలావరకు తగ్గించే రిలేటైమ్ ముందే ఉంటుంది కాబట్టి దాంతో ఒరిగేది తక్కువ. పార్టిషన్ అలైన్‌మెంట్ సరిగానే ఉంది. మా ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో, కరెంటు పోయినా లెక్క చెడకుండా కాపాడే జర్నల్ తీసేస్తే రాతలు తగ్గుతాయని ఒకాయన రాశాడు. ఆయన ఊళ్లో కరెంటు పోదు కాబోలు. మా డిస్క్ లెక్క ప్రకారం పద్నాలుగు నెలల్లో కరెంటు హఠాత్తుగా తెగింది 61 సార్లు. యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఎన్నాళ్లయిందో కూడా గుర్తు లేదు. జర్నల్ జోలికి పోను.

మిగిలింది ట్రిమ్.

మనం ఫైలు చెరిపితే, ఆ చోటు ఖాళీ అయిందని ఫైల్ సిస్టమ్ తన చిట్టాలో రాసుకుంటుంది. డిస్క్‌కి ఆ సంగతి తెలియదు. అద్దెకున్నవాళ్లు గది ఖాళీ చేసి, తాళం ఇంటివాళ్లకి ఇవ్వకుండా వెళ్లిపోయినట్టు. ఇంటాయన ఆ గదిలో ఇంకా మనుషులున్నారనే అనుకుంటాడు. ఎస్‌ఎస్‌డీలో పేజీ మీద పేజీ తిరగరాయడం కుదరదు. పేజీలు కలిసిన బ్లాకు మొత్తం చెరిపి అప్పుడు రాయాలి. చెరిపే ముందు అందులో బతికున్న డేటాని వేరే చోటికి మోసుకెళ్లాలి. చచ్చిన డేటా సంగతి డిస్క్‌కి ఎవరూ చెప్పకపోతే దాన్ని కూడా బతికున్నదనుకుని మోస్తూనే ఉంటుంది. చోటు చిక్కక, రాసే వేగం పడిపోతుంది. ఫలానా గదులు ఖాళీ అని ఫైల్ సిస్టమ్ డిస్క్‌కి చెప్పే కబురే ట్రిమ్.

కానీ మింట్‌లో అది వారానికోసారి తనంతట తనే జరగాలి. ఆ పని చేసే ఎఫ్‌ఎస్‌ట్రిమ్‌ని వేళకి నడిపే టైమర్ చూశాను. యాక్టివ్ అని ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది. రేపు సోమవారం, మళ్లీ నడిచే రోజు.

జూన్ 16

పొద్దున్నే పెట్టె ఆన్ చేశాను. టైమర్ వేళ ఆదివారం అర్ధరాత్రి దాటగానే. అప్పటికి పెట్టె కట్టేసి ఉంటుంది కాబట్టి, తప్పిన పనిని పొద్దున ఆన్ కాగానే చేసేస్తుంది. చేసింది కూడా. ఆకుపచ్చ రంగు, ఎర్రర్ లేదు. ఈసారి స్టేటస్ చూసి వదిలేయకుండా సిస్టమ్ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్‌లో ఆ సర్వీసు రాసిన వరసలు తీశాను. సిస్టమ్ పార్టిషన్: ఇన్ని జీబీ ట్రిమ్ అయింది. బూట్ పార్టిషన్: ఇన్ని ఎంబీ. అంతే. 170 జీబీ కస్టమర్ల పార్టిషన్ ఊసే లేదు.

పాత వారాలు తిరగేశాను. మే, ఏప్రిల్, మార్చి, లాగ్ ఉన్నంత వెనక్కి. ప్రతి సోమవారం అవే రెండు వరసలు.

ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కి పెద్ద డీ తగిలించి కొడితే ట్రిమ్ ఏ అంతస్తు దాకా దిగుతుందో చెబుతుంది. డిస్క్ వరసలో అంకెలున్నాయి. పార్టిషన్ వరసలో ఉన్నాయి. దాని కింద లక్స్ (పార్టిషన్‌కి తాళం వేసే ఎన్‌క్రిప్షన్) తెరిచిన వరసలో సున్నా, సున్నా. తాళం వేసిన తలుపు దగ్గరే కబురు ఆగిపోతోంది.

కారణం నా చేతిరాత. ఈ పార్టిషన్‌లో జనం ఆధార్ కార్డులు, పాసు పుస్తకాలు, పట్టాలు ఉంటాయి. పెట్టెని ఎవడైనా ఎత్తుకుపోతే వాటితో పాటు నా పరువూ పోతుందని లక్స్ ఎన్‌క్రిప్షన్ నేనే పెట్టుకున్నాను. తాళం ఎలా తీయాలో రాసే క్రిప్ట్‌ట్యాబ్ ఫైల్లో వరస కూడా నేనే టైపు చేశాను. చివర లక్స్ అని రాసి ఊరుకున్నాను. పక్కన కామా పెట్టి డిస్కార్డ్ అని రాస్తే తప్ప ఎన్‌క్రిప్షన్ పొర ట్రిమ్‌ని కిందికి పోనివ్వదు. ఎఫ్‌ఎస్‌ట్రిమ్ సర్వీసుకేమో, ట్రిమ్ కుదరని చోట గొడవ చేయకుండా దాటిపొమ్మని ముందే చెప్పి ఉంటుంది. అది నోరుమూసుకుని దాటిపోయింది, టైమర్ ఆకుపచ్చగానే ఉంది. పద్నాలుగు నెలలు.

చేత్తో ఎఫ్‌ఎస్‌ట్రిమ్ కొడితే అప్పుడు ఒప్పుకుంది, ఈ పని ఇక్కడ కుదరదని.

ఒక్క పదం కలిపి రీబూట్ చేస్తే అయిపోయేది. ఫైలు తెరిచాను కూడా. అంతలో పాతపట్నం నుంచి మాస్టారు వచ్చారు, పండగ పూట.

"ఏటి బాబూ, మా పెద్దమ్మాయి శుభలేఖ నీ దగ్గరే కదా కొట్టించినాను, అదుందా?"

పెద్దమ్మాయి పెళ్లి మాఘంలో అయింది. పెళ్లికొడుకు గుణుపురం వాళ్లబ్బాయి, అందుకని కార్డు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. రెండు పక్కలా వరసలు సమానంగా రావడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు చిన్నమ్మాయికి కుదిరింది. ఆషాఢం వెళ్లి శ్రావణం రాగానే ముహూర్తం. పెళ్లివారు మళ్లీ ఒడియా వైపే, అదే గుణుపురం. "ఆ కార్డే కావాల. పేర్లు మార్చీ, చాలు. మాకది కలిసొచ్చింది."

చూస్తానని చెప్పి టీ తెప్పించాను. ఏప్రిల్‌లో చోటు చాలక పాత పెళ్లి కార్డుల ఫోల్డర్ మొత్తం చెరిపేశాను. రెండు బ్యాకప్‌లలోనూ లేదు. ఆర్‌సింక్‌కి ఇక్కడ లేనివి అక్కడా తీసెయ్యమని నేనే చెప్పి ఉంచాను కాబట్టి, అది మాట తప్పలేదు.

మాస్టారు వెళ్లాక తెరిచి ఉన్న క్రిప్ట్‌ట్యాబ్ వంక చూసి చెమట పట్టింది. ట్రిమ్ అయిన చోట చెరిపిన ఫైళ్లని ఇక లేపడం దాదాపు కుదరదు. ట్రిమ్ కాకపోబట్టి ఆ కార్డు ఇంకా అక్కడెక్కడో పడి ఉండే అవకాశం ఉంది. ఫైలు సేవ్ చేయకుండా మూసేశాను.

జూన్ 17, 18

ఫొటోరెక్, చెరిపిన ఫైళ్లని వెతికి తెచ్చే ప్రోగ్రామ్. పేరుకి ఫొటోలైనా అన్ని రకాల ఫైళ్లూ ఏరుతుంది. దానికి పార్టిషన్ ఇవ్వకూడదు, తాళం తీశాక కనిపించే మ్యాపర్ డివైస్ ఇవ్వాలి. పార్టిషన్ ఇస్తే గిలకబారిన ఎన్‌క్రిప్టెడ్ డేటా తప్ప ఏమీ దొరకదు. ఏరినవి మళ్లీ అదే చోట రాస్తే ఏరాల్సినవాటి మీదే పడతాయి కాబట్టి, అవన్నీ యూఎస్‌బీ డిస్క్ మీదికి. ఈ రెండు రోజులూ కస్టమర్ల పని నా పాత ల్యాప్‌టాప్ మీద నడిపించాను. మా తమ్ముడు సణిగాడు.

ఖాళీ చోటులో మాత్రమే వెతకమన్నాను. రాత్రంతా నడిచి ఓడీటీ ఫైళ్లు (మేం టైపు చేసే డాక్యుమెంట్లు) 2,300 పైచిలుకు ఇచ్చింది. ఏ ఒక్కదానికీ పేరు లేదు. ఎఫ్ అక్షరం, వెనకాల ఓ బారెడు నంబరు, అంతే. అర్జీలు, రెజ్యూమేలు, కరెంటాఫీసుకి ఫిర్యాదులు, పంచాయతీ తీర్మానాలు, అన్నీ కలగాపులగం.

ఓడీటీ లోపల ఉండేది జిప్. పదాలు వెతికే గ్రెప్ కమాండ్ నేరుగా పారదు. ఒక్కొక్కటి అన్‌జిప్ చేసి, లోపలి కంటెంట్ ఫైల్లో వెతికే నాలుగు వరసల స్క్రిప్టు రాశాను. ఏం వెతకాలి? కాసేపు ఆలోచించి "చి.ల.సౌ." అని కొట్టాను. అది లేని తెలుగు శుభలేఖ ఉండదు కదా. 64 దొరికాయి. అందులో గుణుపురం ఉన్నవి మూడు. మొదటిది ఎవరిదో. రెండోది మాస్టారిదే, కానీ మొదటి ప్రూఫ్, వియ్యంకుడి ఇంటిపేరు తప్పు పడింది. మూడోది తెరిస్తే ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా, వరసలు సమానంగా, అంచున మామిడి తోరణం చెక్కు చెదరకుండా.

మా తమ్ముణ్ణి పిలిచి చూపించాను. "ట్రిమ్ సరిగ్గా అయ్యుంటే ఇది పోయుండేది కదా అన్నయ్యా" అన్నాడు. వాడికి అప్పుడప్పుడూ ఇలాంటివి తడతాయి.

కార్డుని మూడు చోట్ల దాచాను. బ్యాకప్ పద్ధతి కూడా మార్చాను. ఇక్కడ చెరిపినవి అక్కడ వెంటనే పోకుండా, ఆరు నెలలు పాత ఫోల్డర్‌లో పడి ఉంటాయి. ఎస్‌ఎస్‌డీ సంగతి చూద్దామని కూర్చుంటే తేలిన అసలు తప్పు ఇదే.

జూన్ 20

క్రిప్ట్‌ట్యాబ్‌లో పదం కలిపి రీబూట్ చేశాను. ఎల్‌ఎస్‌బీఎల్‌కే: సున్నా, సున్నా. మళ్లీ రీబూట్. సున్నా. గంట కొట్టుకున్నాను. చివరికి సిస్టమ్ లాగ్ చూస్తే, డిస్కార్డ్స్ అనే ఆప్షన్ తనకి తెలియదు, వదిలేస్తున్నానని మర్యాదగా రాసి ఉంది. చివర ఒక ఎస్ ఎక్కువ కొట్టాను. పద్నాలుగు నెలల కిందట తక్కువ రాసి, ఈవేళ ఎక్కువ రాసి.

ఆ ఎస్ తీసేశాక లక్స్ వరసలో కూడా అంకెలు వచ్చాయి. ఎన్‌క్రిప్షన్ పొర సెట్టింగులు చూపే డీఎంసెటప్ టేబుల్ చివర డిస్కార్డ్‌లకి అనుమతి ఉందన్న మాట కనిపించింది.

ఇందులో ఒక చిక్కుంది, తెలిసే ఒప్పుకున్నాను. ట్రిమ్‌ని పోనిస్తే, డిస్క్ చేతికి చిక్కినవాడికి ఏ చోట్లు ఖాళీయో, ఎంత మేర వాడామో తెలుస్తుంది. లోపలి కాగితాలు మాత్రం చదవలేడు. ఎన్‌క్రిప్షన్ డిఫాల్ట్‌గా అడ్డుకునేది అందుకే. మా షాపు డిస్క్‌లో సగం ఖాళీ అని దొంగకి తెలిస్తే తెలియనీ.

ఎఫ్‌ఎస్‌ట్రిమ్ చేత్తో కొట్టాను. కొద్ది సెకన్లు. 118.6 జీబీ ట్రిమ్ అయిందని వచ్చింది. సరదాకి వెంటనే మళ్లీ కొడితే సున్నా. ఏయే చోట్లు ట్రిమ్ చేశానో ఈఎక్స్‌టీ4 గుర్తు పెట్టుకుంటుంది. కానీ ఆ గుర్తు మెమరీలోనే, రీబూట్ చేస్తే మర్చిపోయి మళ్లీ పెద్ద అంకె చెబుతుంది. అది చూసి మళ్లీ ఏదో పాడైందని కంగారు పడక్కర్లేదు.

ఫైల్ సిస్టమ్‌కి కూడా డిస్కార్డ్ పెట్టి, చెరిపినప్పుడల్లా ట్రిమ్ చేయించొచ్చు. పెట్టలేదు. వారానికోసారి చాలు. పైగా ఇప్పుడే కదా, చెరిపినది రెండు నెలల తరవాత కావలసివచ్చింది. సోమవారం దాకా అయినా గడువుండనీ.

జూన్ 21

నాలుగు జీబీ ఫైలు సెకనుకి 430 ఎంబీ దగ్గర మొదలై అక్కడే నిలిచింది. ఇరవై జీబీ ఇస్తే చివర్లో 270కి దిగింది. ఇంత చిన్న డిస్క్‌కి లోపలి క్యాష్ నిండాక ఆ మాత్రం దిగడం మామూలే. కేబుల్ ఒక రోజు, ట్రిమ్ ఇంకో రోజు మార్చబట్టి ఏది దేనికి మందో తెలిసింది. బిగుసుకుపోయింది కేబుల్ వల్ల, నత్తనడక ట్రిమ్ లేక.

జూన్ 25

రోజుకి 22 జీబీ రాత ఎక్కడిదా అని, ఏ ప్రోగ్రామ్ ఎంత రాస్తోందో చూపే ఐఓటాప్‌ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూడిక మీద ఉంచాను. పైన స్వాప్ (ర్యామ్ చాలక డిస్క్ మీద రాసుకునేది), దాని కింద బ్రౌజర్. నాలుగు జీబీ ర్యామ్, ఇరవై ట్యాబులు, అవదా మరి. స్వాప్‌ని ఎంతగా వాడాలో చెప్పే స్వాపీనెస్ 60 నుంచి 10కి దించమంటారు. దించాను, పెద్ద తేడా లేదు. బరంపురం నుంచి సెకండ్ హ్యాండ్ నాలుగు జీబీ ర్యామ్ తెప్పించి వేశాక స్వాప్ దాదాపు పడుకుంది. ఫైర్‌ఫాక్స్ తెరిచిన ట్యాబుల జాబితాని పదిహేను సెకన్లకోసారి రాస్తుంది, దాన్ని రెండు నిమిషాలు చేశాను. ఇవన్నీ డిస్క్ ఆయుష్షు కోసమైతే అక్కర్లేదు. స్వాప్ తగ్గితే మా తమ్ముడి సణుగుడు తగ్గుతుందని.

జూన్ 27

రథయాత్ర. షాపు మూసేశాం.

జూన్ 30

సోమవారం. టైమర్ రంగు చూడలేదు, నేరుగా లాగ్ వరసలే చూశాను. మూడున్నాయి. పోయిన సోమవారం కూడా మూడే. మూడోది కస్టమర్ల పార్టిషన్. సీఆర్‌సీ 37.

జూలై 14

సీఆర్‌సీ 37. ఐదో నంబరు సున్నా. రాత రోజుకి 22 నుంచి 8 జీబీకి వచ్చింది. కరెంటు తెగిన లెక్క 64, అంటే నెలలో మూడుసార్లు. యూపీఎస్ బ్యాటరీకి డబ్బులు ఈ పెళ్లి కార్డుల సీజన్‌లో రావాలి.

మాస్టారు ప్రూఫ్ చూసుకోడానికి వచ్చారు. కళ్లజోడు పైకి తోసి తెలుగు పక్క అక్షరం అక్షరం చదివారు. ఒడియా పక్క పెళ్లివారి తాలూకు ఆయన చూసి "ఠిక్ అఛి" అన్నాడు. రెండు వందల కార్డులు ఒడియా పక్క పైకి, మూడు వందల కార్డులు తెలుగు పక్క పైకి మడత పెట్టమన్నారు. అడ్వాన్స్ ఇచ్చి లేచి, గుమ్మం దగ్గర ఆగారు.

"బాబూ, ఈసారి ఇది చెరిపీకు. మా తమ్ముడికి కూడా ఇద్దరు ఆడపిల్లలున్నారు."